బుట్ట తాడు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినప్పటి నుంచి మెట్లు దిగని పెద్దమ్మ, చిక్కడపల్లి సందులోకి రెండో అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్టను దించుతోంది. కింద కూరగాయల బండి ఆగి ఉంది. క్యాన్సర్ మీద పరిశోధన చేసే త్రివేణి పక్కన నిలబడింది. పొద్దున డాక్టర్ ఫోన్లో చెప్పిన మాట ఇంకా ఆమె నోటి దాకా రాలేదు.

"రోజంతా ఆ మైక్రోస్కోపుల ఏం చూస్తవే?"

"ఇసుంటి బుట్టలే పెద్దమ్మా. ప్రతి కణం ప్రోటియోగ్లైకాన్లని బయటికి వేలాడదీస్తది. ప్రొటీన్ తాడు, దానికి చక్కెర గొలుసులు. పెరగమని చెప్పే కబుర్లు అటుదిక్కు పోతుంటే పట్టుకుంటయి."

"క్యాన్సర్ కణం గూడ?"

"అది ఆశపోతుది. ఎంత పట్టినా చాలదు."

"తాళ్లన్నీ కోసేస్తే పీడ పోతది గదా!"

"పోదు. కణం ఉన్న జాగను పట్టుకునేది గూడ ఆ తాళ్లతోనే. ఒక్కోసారి క్యాన్సర్ కణమే వాటిని కోసుకుంటది. ఇగ ఊరు మీద పడ్తది."

పెద్దమ్మ చేతిలో తాడు ఆగింది.

"నాది కోసుకున్నదా?"

త్రివేణి బండి వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్న, బిడ్డా."

"కోసుకుంది పెద్దమ్మా. లివర్ దాకా పోయిందంట. పొద్దున డాక్టర్ చెప్పిండు."

బుట్ట గాలిలో ఊగింది. ఏం కావాలమ్మా అని కింద నుంచి కేక.

"టమాటలు. కొత్తిమీర గూడ వెయ్యి!" అని పెద్దమ్మ అరిచింది.

త్రివేణి తాడు అందుకోబోయింది. పెద్దమ్మ ఇవ్వలేదు.

"ఉండనియ్. దీన్ని నేనే పట్టుకుంట."