తట్ట దించిన సెయ్యి

తెడ్డు కాసులమ్మని ఎరుగుదురు కదా, మన జాలరిపేటలో మూడో ఈదిలో ఉంటాది. మనిషి పొట్టి గానీ మెడ మాత్రం స్తంభమే. ఆ మెడ మీద ముప్పయ్యేళ్ళు చేపల తట్ట మోసింది. పెళ్ళై వొచ్చిన ఏడాదే అత్త పిలిసి, ఒలే, నా మోకాళ్ళు పోనాయి, ఇంక గుట్టమీద ఈది నీదే అని సెప్పి, ఎంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పి సూపించిందంట. మన పేటలో అంతే కదా, ఎవులి ఈది ఆళ్ళది. ఇసాపట్నం ఎంత ఊరైతే ఏటి, ఒకర్తి తిరిగే ఈదిలోకి ఇంకొకర్తి తట్టెట్టుకుని ఎల్లదు. ఎల్తే పేటలో మొకం సూపించలేదు. అంచేత ఉన్న ఈది పోయిందనుకో, ఇంత పట్నంలో ఆ మనిషికి ఎక్కడా అడుగెట్టడానికి చోటుండదు.

గుట్టమీద ఈదంటే మొదట మూడే పెద్ద పెంకుటిళ్ళు, ఉమ్మడి కాపరాలు. ఆటిని కొట్టీసి అపార్ట్‌మెంటు కట్టీసినారు, పేరు సముద్రనిలయం. కాసులమ్మకి మంచిదే అయ్యింది, మూడిళ్ళు పోయి ఇరవైనాలుగు ఇళ్ళొచ్చినాయి. ఎవులికి తలకాయ కావాలి, ఎవులికి ముల్లు లేని ముక్క కావాలి, ఏ ఇంట్లో పురిటాలుంది, ఆ పిల్లకి పాలుపడ్డానికి సొరచేప ఎప్పుడట్టుకెళ్ళాలి, అన్నీ ఆవిడకి ఎరికే. అలగుంటే ఏటైందంటే, నరహరిరావుగారని ఒకాయన ప్రెసిడెంటయ్యాడు. మంచోడే, నేను సెడ్డోడనను. గానీ రిటైరైన మనిషికి పొద్దుపోవాలి కదా. మెట్ల మీద నీళ్ళు కారుతున్నాయంట, లిఫ్టులో వాసనంట, చేపలమ్మేవాళ్ళు లోపలికి రాకూడదని గేటుకి బోర్డు కట్టించీసినాడు. పేరేమో సముద్రం, వాసన మాత్రం కూడదు, సూడండి మరి. అంతటితో ఊరుకున్నాడా, వాచ్‌మేన్ అప్పన్నని పిలిసి, చేపల తట్ట మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఊడుతుందని కాయితం రాసి, దాని మీద సంతకం కూడా ఎట్టించుకున్నాడు.

తట్ట సంగతి మీకెవులికీ సెప్పక్కర్లేదు, ఈ రాసుకుంటున్న బాబుకి సెప్పాలి. నిండు తట్ట ఒక్కర్తీ ఎత్తుకోలేదు, ఒక్కర్తీ దించుకోలేదు బాబూ. రేవులో ఎత్తడానికి ఒకలు, ఈదిలో దించడానికి ఒకలు సెయ్యెయ్యాలి. కాస్త సెయ్యెయ్యండి బాబూ అంటే ఎవులూ కాదనరు. దారంట పోయే మాస్టరుగారైనా సైకిలు స్టాండేసి వొచ్చి దించుతాడు. అయితే దించిన సెయ్యే బోణీ సెయ్యాలి. ఇంకోటుంది, రాసుకో. ఈదిలోకొచ్చి దించకుండా తట్టతో ఎనక్కి తిరిగిందంటే, ఆ ఈది ఒదులుకున్నట్టే లెక్క.

ఆ రోజు కాసులమ్మ తట్ట నిండుగా తెచ్చింది, అడుగున కానాగంతలు, మీద ఏలెడంతేసి నెత్తళ్ళు, ఆకుల్లో సుట్టి ఒక వంజరం, తట్ట మొత్తంలో కరీదైన చేప అదే. గేటు కాడికొచ్చేసరికి అప్పన్న అడ్డం నిలబడి, అప్పా, నిన్ను రానిచ్చినా, నీ తట్ట దించినా నా పిల్లల కూడు పోతాది అన్నాడంట. నువ్వేటి సేస్తావురా నాయనా, నేను రానులే, ఇక్కడే నిలబడతాను అన్నాది. నిలబడింది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఎండ నెత్తికెక్కతంది. తట్టలో ఐసు కరిగి నీళ్ళు చెంపల మీంచి కారిపోతన్నాయి. లోపల ఆవిడకి ఒకటే గుబులు. ఇప్పుడు గాని తిరిగానా, అత్త నా సేతిలో ఎట్టిన ఈది నాతోనే పోతాది, రేపు నా కోడలికి ఏటి సూపిస్తాను అని. కాళ్ళు వొణుకుతన్నాయి గానీ మెడ వొంచలేదు. బాల్కనీల్లో ఆడోళ్ళు వొచ్చి సూస్తన్నారు, అయ్యో అంటన్నారు, ప్రెసిడెంటుగారితో మాటొస్తాదని దిగడం లేదు. గుట్ట మీద ఆ గేటే ఆఖరు, దారంట పోయేవోళ్ళూ లేరు.

ఆఖరికి ఆయనే దిగొచ్చినాడు, ఇస్త్రీ లాల్చీ ఏసుకుని. ఏమ్మా, బోర్డు చూడలేదా, గేటు దగ్గర ఇదేమిటి, వెళ్ళు అన్నాడంట. దానికి కాసులమ్మ ఏటన్నాదంటే,

"ఎల్తాను బావూ. తట్ట దించితే కాస్త ఊపిరి తీసుకుని ఎల్తాను. ఈ బరువుతో ఇంకో అడుగు పడదు నాకు."

ఆయనా మనిషే కదా, ఆ వొణుకు సూసి మెత్తబడ్డాడు. దించరా అప్పన్నా అన్నాడు. అప్పన్న రెండు సేతులూ ఎనక్కి కట్టుకుని, సంతకం ఎట్టేనండి అన్నాడు. ఇప్పుడు నేనే చెబుతున్నాను కదరా అంటే, కాయితం అలగే ఉందండి, ముందు అది మార్పించండి అన్నాడు. ఈలోగా తట్ట ఒక పక్కకి ఒరిగింది. ఇంక సూడండి, ఆ నరహరిరావుగారు లాల్చీ సేతులు పైకి లాక్కుని, తానే రెండు సేతులూ ఏసి తట్ట దించీసినాడు. నీళ్ళన్నీ ఆయన మీదే. దించి, సేతులు దులుపుకుని, గబగబా లోపలికి ఎల్లబోతంటే రెండో అంతస్తులోంచి ఒక గొంతు ఇనపడింది. ఎవులనుకున్నారు, ఆయన కన్నతల్లి సత్యవతమ్మగారు. ఎనభయ్యేళ్ళ మనిషి, వన్‌టౌన్‌లో పుట్టి పెరిగింది, ఆవిడకి తెలీని ఆచారమా మనది.

"నరహరీ, తట్ట దించింది నువ్వే కదరా. బోణీ చెయ్యకుండా మేడెక్కుతున్నావేమిటి? మీ నాన్నగారు ఏనాడైనా అలా చేశారా?"

ఆయన అక్కడే నిలబడిపోనాడు, ముందుకెల్తే తల్లి మాట పోతాది, ఎనక్కొస్తే తన మాట పోతాది. తల్లి మాటే ఉంచాడు, అందుకే మంచోడన్నాను. ఎనక్కొచ్చి, పుట్టి బుద్దెరిగి చేప కొని ఎరగడు పాపం, ఏది కొనాలో తెలీక ఏలెట్టి సూపించింది ఆ వంజరాన్నే. కాసులమ్మ నవ్వలేదు. ఆకులిప్పి, కత్తిపీట ముందేసుకుని, ముక్కలు కోసి ఆయన సేతిలో ఎట్టింది. నీళ్ళోడతా ఆ పొట్లం పట్టుకుని గేటులోంచి, మెట్ల మీంచి, ఆ లిఫ్టులోనే పైకెల్లినాడు.

ఇంకేటుంది. ప్రెసిడెంటే పట్టుకెల్తే మిగతావోళ్ళని ఆపేదెవులు? ఒకర్తి గిన్నెట్టుకుని దిగింది, దానెనక ఇంకొకర్తి, ముసలోళ్ళూ పురిటాలి తల్లీ అందరూ దిగీసినారు. నాకు నాకు అని ఒకటే గోల. అరగంటలో తట్ట అడుగు కనపడీసింది. కాసులమ్మ ఆ ఉత్త తట్టని ఒంటి సేత్తో నెత్తిన పారేసుకుని, గుట్ట మీంచి పేట దాకా పాడుకుంటా దిగిందంట. నా ఈది నాకుంది, నా ఈది నాకుంది అని కనపడినోళ్ళందరికీ సెప్పిందంట. మర్నాడు కోడల్ని ఎంటబెట్టుకుని మరీ ఎల్లింది. అప్పన్న గేటు బార్లా తీసేడు.

అప్పట్నించీ రోజూ తట్ట దించేది నరహరిరావుగారే. ఆయన సేతి బోణీ పడితే తట్టలో నెత్తళ్ళు కూడా మిగలవని మన పేటంతా చెప్పుకుంటారు. ఆయన మాత్రం ఇప్పటికీ ఏటంటాడంటే, ఆ రోజు నేను ఓడిపోలేదండీ, పాపం అలిసిపోయిన మనిషికి సాయం చేశాను, అంతే, అంటాడంట. అననీయండి. సాయమే. రోజూ సెయ్యమనండి.