కొండకు చుట్టిన మఫ్లరు

కొండకు ఎదురుగా, సందర్శకుల కోసం కట్టిన చెక్క వేదిక. రైల్వేస్టేషన్‌లో ముప్పై ఏళ్ళు ప్రకటనలు చదివి రిటైరైన ఒక పెద్దమనిషి, ఆయన భార్య, అక్కడి కాపలాదారు.

“మఫ్లరు అనేది ఉన్ని వస్త్రం కాదు చిట్టీ. అది గృహిణుల చేతిలోని రాజదండం. సామ్రాజ్యాలు కూలవచ్చు గానీ, అది మాత్రం మగవాడి మెడ దిగదు.”

“దిగదు. ఇటు తిరగండి, చెవులు కప్పాలి. డాక్టరు తక్కువ మాట్లాడమన్నాడా లేదా?”

“రేపు పొద్దున ఆయనే స్వరపేటిక కోసి తీసేస్తున్నాడు. ఆ తర్వాత నా అంత తక్కువ మాట్లాడే పేషెంటు ఆయనకి దొరకడు.”

“ఆ మాట ఇవాళ అనొద్దన్నానా?”

“సరే. ప్రయాణికులకు విజ్ఞప్తి. చెట్లకు కుర్చీలు వేలాడుచున్నవి. వాగులో నిలువుటద్దాలు నాటబడినవి. కూర్చొనుటకు మాత్రము ఒక్క కుర్చీయు లేదు.”

“కళ అంటండీ. గేటు దగ్గర చెప్పారుగా.”

“కళే, కాదన్నానా? మన కొండేదీ?”

“ఎదురుగా ఉన్నదే.”

“ఆ నీలం పరుపులా?”

“పరుపులు కాదు సార్, దూది కూరిన దుప్పట్లు. ‘నిద్రపోతున్న కొండ’ అని దాని పేరు. నెలాఖరు దాకా ఉంటుంది. కాస్త గీతకి ఇవతల నిలబడండి.”

“చూశావా చిట్టీ, కొండంతటిదానికీ మఫ్లరు తప్పలేదు. ఏం బాబూ, ఈ కొండ పలుకుతుందని నీకు తెలుసా?”

“నేనొచ్చిందే ఈ దుప్పట్లతో పాటు సార్. ముందు సంగతి తెలీదు.”

“అయితే విను.”

“అతను డ్యూటీలో ఉన్నాడండీ, వదిలేయండి.”

“ముప్పై ఏళ్ళు మైకులో చెప్పాను బాబూ, ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని. అలాగేనండీ అని బదులు చెప్పినవాడు ఒక్కడు లేడు. నా జన్మలో నాకు బదులిచ్చింది ఈ కొండ ఒక్కటే. పెళ్ళికి ముందు ఈవిడని ఇక్కడికి తీసుకొచ్చాను, వారం రోజుల ముందే చెప్పి మరీ. కొండనే అడుగుతాను, నీ పేరు తిరిగి పలికితే పెళ్ళి, లేదంటే నా దారి నాది అని. ఒక్కసారి పిలిచాను. రెండుసార్లు పలికింది.”

“రెండుసార్లా?”

“అది పర్వతాల ఔదార్యం. శాస్త్రానికి అందదు. ఏం చిట్టీ?”

“ఆఁ, పలికింది. ఎండెక్కుతోంది, ఇక పోదాం.”

“పోవడమేంటి? దీనికోసమేగా వచ్చింది. రేపటి నుంచి నిన్ను పిలవలేనుగా. ఒక్కసారి... చిట్టీ... చిట్టీ...”

“చాలండీ. గొంతు చీలిపోతుంది.”

“ఏమైనా వినపడిందా?”

“లేదండీ.”

“గొంతు చాల్లేదంటావా? అప్పుడే పోయిందంటావా?”

“మీ గొంతుకేం, నిక్షేపంలా ఉంది. గుడ్డలండీ. ఆ దూది మింగేస్తోంది.”

“గుడ్డలేగా?”

“గుడ్డలే. ముమ్మాటికీ గుడ్డలే.”

“సార్, రేపు ఆపరేషన్ అంటున్నారు కాబట్టి చెబుతున్నా. సూపర్‌వైజరు భోజనానికెళ్ళాడు. ఆ కింది దుప్పటి ముళ్ళు నేను వేసినవే. ఐదు నిమిషాలు దించుతా, రాయి బయటపడుతుంది.”

“నువ్వు మామూలు స్టేషన్‌వి కాదు నాయనా, జంక్షన్‌వి.”

“వద్దు బాబూ. నీ ఉద్యోగానికి ఎసరొస్తుంది.”

“నేను చూసుకుంటాలే అమ్మా.”

“వద్దంటున్నాగా. ఏమండీ, మీరెళ్ళి మెట్ల దగ్గర ఆ గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగండి. నేను ఇతనితో మాట్లాడి వస్తా.”

“వద్దని మాత్రం అనకు చిట్టీ.”

“అననులెండి. వెళ్ళండి.”

“అమ్మా, సారు వెళ్ళారు. ముడి విప్పేదా?”

“విప్పకు. కాసేపు లాగినట్టు లాగి, రావట్లేదని చెప్పు.”

“అదేంటమ్మా? పాపం ఆయన అంత ఆశపడుతుంటే.”

“అందుకే. దుప్పటి ఉన్నంతసేపూ కొండ నోరు కట్టేశారనుకుంటారు. తీశాక కూడా పలక్కపోతే, తన గొంతే పోయిందనుకుంటారు. ఆ దిగులుతో రేపు బల్లెక్కించమంటావా?”

“ఎందుకు పలకదమ్మా? అప్పుడు పలికిందిగా.”

“చిట్టీ, ఏమంటున్నాడు?”

“ముడి బిగుసుకుపోయిందటండీ. చూస్తున్నాడు.”

“దుప్పటి లోపల పలికే ఉంటుంది చిట్టీ. మనకే వినపళ్ళేదు.”

“పలికే ఉంటుందండీ. మీరు మాట్లాడకండి.”

“అమ్మా, నాకర్థం కాలేదు.”

“అప్పుడు పలికింది కొండ కాదు బాబూ, మా తమ్ముడు. కొత్తగా గొంతు మారిన వయసు వాడిది. ఆ రాయి వెనక దాచాను. వాడే ఉంటే ఈ పూటా దాచేదాన్ని. పోయి ఐదేళ్ళయింది.”

“మరి రెండుసార్లు పలికిందన్నారు?”

“ఒక్కసారి పలికితే ఐస్‌క్రీం కొనిపెడతానన్నాను. ఇంకోటి వస్తుందేమోనని వాడే రెండోసారి పలికాడు.”