జున్నుపాలు పోసే రాయి

నా భయం ఒక్కటే. ఏడో తరగతితో నన్ను ఇంట్లో కూర్చోబెట్టినట్టే నా కూతురు పల్లవినీ కూర్చోబెడతారని. చరిత్ర బాగా చెప్పినందుకు పల్లవి వాళ్ళ టీచరుకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ అవార్డు ఇచ్చే ఢిల్లీ వేదిక మీద, ఆ టీచరు నేర్పిన మా ఊరి వీరుడి రాయి కథ పల్లవే చెప్పాలి. నిన్న పొద్దున ఆ రాయి ఉన్న చేను వాళ్ళ ఇంటావిడ మా వాకిట్లోకి వచ్చింది.

"బిడ్డని పంపొద్దు మే. పంపితే, ఆ రాతిలో ఉండేది మా వంశం పెద్దాయన అని చెప్పమను."

"రాతి మీద అట్ల లేదంట కదా పెద్దమ్మా. కూలికి ఆవులు మేపేటోడు, దొంగలకి అడ్డం పడి సచ్చిపోయినాడని శాసనాలు చదివే సార్లు చెప్పినారు."

"ఊర్లో ఎవురి ఆవు ఈనినా మొదటి జున్నుపాలు మా తాతకని పోసినాం. అదంతా కూలోడికి పోసినట్టా?"

"ఆవుల్ని కాపాడినోడికే పోసినారు. పాలేం వృథా కాలేదులే."

"ఎగతాళా? ఇంక మీ పాలు మా చేన్లోకి రాకూడదు."

"మా ఆవు ఈ వారంలో ఈనుతాది. మా అత్త తెచ్చి పోస్తాది."

"ఏడు చదివినదానికి ఇంత నోరా?"

"ఏడుతో ఆపేసినారు కాబట్టే పెద్దమ్మా. బిడ్డతో నేనూ పోతాండాను. దాని మాట మధ్యలో ఎవురూ ఆపకుండా సూసుకుంటాను."

రేపు రైలెక్కుతున్నాం. ఇంట్లో మా అత్త సిద్ధమ్మ ఒక్కతే, చూడి ఆవుతో ఉంటుంది. పలమనేరు వైపు వస్తే ఒకసారి ఆమెను పలకరించండి. ఆవు ఈని ఉంటే, చెంబు పట్టుకుని ఆమె రాయి దగ్గరికి వెళ్ళేటప్పుడు పక్కన నడవండి.