మూడు రోజులుండాల్సిన జెల్

ఆసుపత్రిలో కట్లు కట్టే గది. బల్ల మీద కాలు చాపుకుని ఆయన, పక్కన నిలబడి ఆవిడ, వేలి మీది పుండు కేసి వంగి నర్సు.

"ఈయనగారి బొటనవేలి మీద ఏనుగొచ్చి కూర్చున్నా 'కాస్త జరుగు' అనరమ్మా. షుగరొచ్చాక కాలికి స్పర్శ పోయింది. మనిషికైతే అంతకుముందే పోయిందనుకో."

"పిన్నిగారూ, కొంచెం వెలుతురు రానివ్వండి. పొద్దున్నుంచి ఇది పదకొండో కాలు, నా కళ్ళు తిరుగుతున్నాయి. బాబాయ్‌గారూ, పుండులో పెట్టిన మందు జెల్ ఏదీ?"

"ఉండాలే."

"లేదు. పోయినసారీ లేదు, అంతకుముందూ లేదు. మూడు రోజులుండాలి, మళ్ళీ నేనే తీయాలి అని చెప్పానా లేదా?"

"చెప్పావు. జారిపోయినట్టుంది."

"పైన కట్టు కట్టినట్టే ఉంటే లోపలిది ఎక్కడికి జారుతుంది? సోమవారం పెద్ద డాక్టరుగారు చూస్తారు. పుండు ఇలాగే ఉంటే వేలు తీసేస్తారు. అప్పుడు నన్నడుగుతారు. ఏమని రాయను?"

"వేలు తీసేస్తారా? ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదేం? ఎప్పుడడిగినా 'బాగానే ఉందట, బాగానే ఉందట'! ఇవాళ నేను లోపలికి రాకపోతే..."

"అందుకే రావద్దన్నాను. అమ్మాయ్, జెల్ నేనే పీకేశాను. దురద పెట్టింది."

"గుండుసూది గుచ్చినా తెలియని వేలికి దురదా?"

"అప్పుడప్పుడూ పెడుతుంది."

"చూశావా అమ్మా! నేనేమో రోజూ పొద్దున్నే లేచి, ఆ కట్టు విప్పి, చీమునంతా వేణ్ణీళ్ళతో కడిగి, మళ్ళీ శుభ్రంగా కట్టి..."

"నువ్వెళ్ళి బయట కూర్చో."

"ఎందుకు?"

"ఇక్కడ ఉక్కగా ఉంది."

"ఫ్యాను తిరుగుతోందిగా?"

"ఉండండి బాబాయ్‌గారూ. ఏ చీము పిన్నిగారూ?"

"అదేనమ్మా, తెల్లగా, బంకబంకగా, ఉబ్బినట్టు... ఏం, అలా చూస్తావేం?"

"పిన్నిగారూ, అది చీము కాదు. పుండులో తడి పీల్చుకుంటే జెల్ అలాగే ఉబ్బుతుంది. మందంతా అందులోనే ఉంది. కొంచెం కొంచెంగా మూడు రోజులూ పుండులోకి దిగాలి."

"నేనే పీకానంటున్నానుగా అమ్మాయ్. అలాగే రాసుకో, పోతుంది."

"మీరు ఊరుకోండి. 'ముట్టుకోవద్దన్నారే, ముట్టుకోవద్దన్నారే' అని ఈయన రోజూ మొత్తుకుంటూనే ఉన్నారమ్మా. 'శుభ్రం గురించి మీరా నాకు చెప్పేది' అన్నాను. ఆయన పీకారని రాయకు. తప్పు చేసింది నేను."