నీడకు కూసొనే తింట సార్

ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక గల్లీలో ఒక రేకుల ఇల్లు. సాయంత్రం. భూలక్ష్మి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ముగించుకుని వచ్చి పొయ్యి వెలిగించింది. ఆమె భర్త హన్మంత్ మన్నెగూడ దగ్గర ప్లాట్ల వెంచర్‌లో గేటు వాచ్‌మన్. అప్పుడే ఇంట్లోకి వచ్చి, ఆమె సంచిలోంచి అన్నం బాక్సు తీసి చూస్తున్నాడు.

"ఈ బాక్సు ఎవలు కడిగిండ్రు?"

"నేనే. ఇంకెవలు కడుగుతరు?"

"ఎక్కడ?"

"కంపెనీల. నల్లా ఉన్నది గద, తిన్నంక కడుక్కున్న. ఏమైంది గిప్పుడు?"

"ఏం కాలే. తినుడే గాదు, బాక్సు కడుక్కునే తీరిక గూడ దొరుకుతున్నదన్నట్టు."

"అవ్, అరగంట ఇస్తున్నరు. నీకు చెప్పిన గద. బుగ్గమ్మక్క, నేను, అందరం పోయి అడిగినంక ఇచ్చిండ్రు. రూంల ఫ్యాను గూడ పెట్టిండ్రు."

"ఫ్యాను కింద కూసొని తింటున్నవ్."

"మరి నిలవడి తినాల్నా?"

"ఒక్కదానివే తింటవా?"

"ఆడోళ్లందరం."

"ఆడోళ్లేనా?"

"ఏందయ్యా, సూటిగ అడుగు."

"నారయ్య మీ కంపెనీకి నీళ్ల ట్యాంకర్ తోలుతడు, ఎర్కే గద."

"ఎర్కే."

"ఆయన చూసిండు. నీలం అంగి ఏసుకున్నాయన ఎవలో నీ పక్కపొంటి కూసున్నడంట. ఆయన గిన్నెల నువ్వు పచ్చడి ఏసినవంట."

"దివాకరన్న. యూనియన్ ఆయన. మాకు రెస్టు ఇప్పిచ్చింది ఆయనే."

"అన్ననా?"

"అన్ననే. జరంత గోంగూర పచ్చడి ఏసిన. బుగ్గమ్మక్క చారు పోసింది. ఆమె మొగనికి గూడ పోయి చెప్పిండా నారయ్య?"

"నవ్వుతున్నవంట."

"నవ్వితే?"

"ఇంట్ల నవ్వవు."

"ఇంటికొచ్చేసరికి నువ్వు మొఖం గిట్ల పెట్టుకొని ఉంటవ్. ఎవల మొఖం చూసి నవ్వాలె?"

"మెల్లగ మాట్లాడు."

"ఎందుకు మెల్లగ? గల్లీల ఎవలకు ఎర్కలేదు నీ అనుమానం?"

"బయట మల్లేశయ్య కూసున్నడు."

"మల్లేశయ్య బాపు వచ్చిండా? గది ముందుగాల చెప్పాలె గద. లోపలికి పిలువ్."

"రానన్నడు. కందుకూరు బస్సుకు ఇంకా టైం ఉన్నది, జర గాలికి కూసుంట అన్నడు."

"వెంచర్ వాచ్‌మన్లు ఇద్దరు ఒక్కపారే గింత జల్ది ఎట్లొచ్చిండ్రు? మీ డ్యూటీ పొద్దుమూకినంక గద దిగేది?"

"వచ్చినం. నువ్వు ముచ్చట మార్చకు. నా బాక్సుల గూడ గదే పచ్చడి పెట్టినవ్ గద?"

"గదే పెట్టిన. ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"తిన్నవా?"

"తిన్న."

"నా దిక్కు చూసి చెప్పు."

"మూత తీసిన. కారొచ్చింది. పోయి గేటు తీసిన. మల్ల చెయ్యి కడుక్కొని కూసుంటే ప్లాట్లు చూసేటోళ్లు వచ్చిండ్రు, వాళ్లెంట పొమ్మన్నడు మా వెంచర్ సార్. తిరిగొచ్చేసరికి చీమలు పట్టినయ్. కుక్కకేసిన. ఆడ నేను కుక్కకేస్తున్న, ఈడ నువ్వు పరాయోనికి ఏస్తున్నవ్. ఒక్క పచ్చడే."

"నేను కూసొని తింటున్ననని కుళ్లా నీకు, ఆయన పక్కన కూసున్నడని కుళ్లా?"

"రెండు."

"గిట్ల చెప్పు. గిది నిజం."

"నిజమే. నా పెండ్లాం ఫ్యాను కింద కూసొని నిమ్మళంగ తింటదంటే నాకు సంబురం కావాలె. అయితలేదు. గేటుకాడ ఎండల నిలవడ్డప్పుడు గదే యాదికొస్తది. ఇప్పుడు మూత తీస్తుండొచ్చు, ఇప్పుడు పచ్చడి ఏస్తుండొచ్చు అని. పిచ్చి లేస్తది."

"నువ్వు తింటలేవని నాకు ఎర్కలేదనుకున్నవా?"

"ఎట్లెర్క?"

"కూర ఎట్లుందంటే ప్రతిదినం మంచిగున్నది అంటవ్. బెండకాయ పెట్టిన్నాడు పప్పు మంచిగున్నది అన్నవ్. నీ బాక్సు కడిగేది నేను. మెతుకులు ఎండి పెచ్చులు కట్టి ఉంటయ్. చెయ్యి పెట్టి తిన్నట్టు ఉండది. గదే చెప్పిన దివాకరన్నకు."

"ఏం చెప్పినవ్?"

"నా మొగడు తినడు, తిననియ్యరు, ఇంటికొచ్చి తిన్ననని అబద్ధం చెప్తడు అన్న. బెండకాయ ముచ్చట చెప్తే అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నారయ్య చూసింది గదే ఉంటది."

"నన్ను నలుగుట్ల నవ్వులాట జేసినవ్."

"నవ్వుకుంటనే ఏడ్సిన నేను. గది చూసేదాంక ఆగలేదా నీ నారయ్య?"

"నా ముచ్చట ఆయనకెందుకు?"

"మరెవలకు చెప్పాలె? నీకు చెప్తే చెవుల ఏసుకోవు. ఆయన ఏమన్నడో ఇను. చట్టం మీ కంపెనోళ్లకొక్కలకే గాదక్కా అన్నడు. దుకాన్లల్ల పనిచేసేటోళ్లకు, గేటుకాడ నిలవడేటోళ్లకు, అందరికి నడిమిట్ల రెస్టు ఇయ్యాలె, తిననియ్యాలె అన్నడు. నువ్వు తినే ఏలకు గేటుకాడ ఇంకో మనిషిని నిలవెట్టుడు మీ సార్ పనంట, నీది గాదంట. అది వాళ్లు చేసే మెహర్బానీ గాదు, మీ హక్కు అన్నడు."

"మస్తు మాట్లాడుతడు."

"మాట్లాడుడే గాదు, చేసిండు. లేబర్ ఆఫీసరును మీ వెంచర్ కాడికి తోల్కొస్త అన్నడు. ఎవలన్న ఒకలు దరఖాస్తు పెట్టాలె అన్నడు."

"నాకొక్క మాట చెప్పలే నువ్వు."

"చెప్తే వద్దంటవ్. నౌకరి పోతది అంటవ్. గందుకే బాపుకు చెప్పిన."

"మల్లేశయ్యకు చెప్పినవ్, నాకు చెప్పలే. అందరికి చెప్తవ్, నాకు తప్ప."

"బాపుకు షుగర్. యాళ్లకు తినకుంటే కండ్లు తిరుగుతయ్. మొన్న గేటుకాడ పడిపోతే నువ్వే గద లేపి చక్కెర నీళ్లు తాపింది. నా పేరు మీదనే పెడ్త బిడ్డ, పిల్లలు గలోడు, హన్మంతు పేరెందుకు అన్నడు. ఆఫీసరు వచ్చి అడిగితే మాత్రం హన్మంతు సాక్ష్యం చెప్తడు, ఆడు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి అన్నడు."

"గట్లన్నడా?"

"గట్లనే అన్నడు. రేపోమాపో వస్తరని దివాకరన్న అన్నడు. వచ్చిండ్రా?"

"చాయ్ పెట్టు."

"పెడ్త. వచ్చిండ్రా?"

"తలకాయ నొస్తున్నది, ముందుగాల చాయ్..."

"వచ్చిండ్రా లేదా?"

"వచ్చిండ్రు. ఇయ్యాలనే."

"మరి చెప్పవేంది? ఎవలెవలు వచ్చిండ్రు?"

"ఆఫీసరు. ఎంట ఆయన."

"దివాకరన్న?"

"నీలం అంగి. ఇయ్యాల గూడ గదే అంగి. బండి దిగుడుతోనే నా భుజం మీద చెయ్యేసిండు. హన్మంత్ అంటే నువ్వేనా, భూలక్ష్మి నీ గురించి మస్తు చెప్పింది అన్నడు. సార్ ముంగట, మేస్త్రీల ముంగట. నీ పేరు ఆయన నోట్లకెళ్లి వచ్చింది."

"పేరున్నది పిలువనీకే."

"నాకు పానం భగ్గుమన్నది. నారయ్య చెప్పినాయన ఈయననే అని గప్పుడే సమజైంది."

"సరే. ఆఫీసరు ఏమడిగిండు?"

"అన్నం తిననీకె రెస్టు ఇస్తున్నరా అని."

"నువ్వేమన్నవ్?"

"సార్ గూడ ఆన్నే నిలవడ్డడు."

"సార్ సంగతి అడగలే. నువ్వేమన్నవ్?"

"ఇస్తున్నరు అన్న."

"ఏంది?"

"గంటసేపు ఇస్తరు, నీడకు కూసొనే తింట సార్, ఏం తక్లీఫ్ లేదు అన్న."

"ఎందుకన్నవ్? సార్‌కు భయపడ్డవా?"

"సార్ దిక్కు చూడనే లేదు నేను. ఆయన దిక్కు చూసుకుంట అన్న. నీలం అంగి దిక్కు. ఆయన మొఖం మాడిపోవాలె అని. మాడిపోయింది."

"బాపు మాట? బాపు పడిపోయిన సంగతి అడగలేదా?"

"అడిగిండు. తినక పడ్డడా అన్నడు."

"అవ్ అన్నవా?"

"తాగి పడ్డడు అన్న."

"బాపు కల్లు గూడ ముట్టడు."

"ఎర్కే."

"ఎర్క ఉండి నోరెట్లొచ్చింది నీకు?"

"ఒకటి అన్నంక ఇంకోటి దానంతట అదే వచ్చింది. ఆపుకోలేకపోయిన."

"బాపు ఏమన్నడు?"

"నా దిక్కు చూసిండు గంతే. ఆఫీసరు రాసుకొని పోయినంక, రేపటి సంది రావద్దు అన్నడు సార్ మల్లేశయ్యను. నన్నేమో బాగ చెప్పినవ్ రా అన్నడు. ఇయ్యాల జల్ది ఇంటికి పో, రెస్టు తీసుకో అన్నడు."

"గిట్ల దొరికిందన్నట్టు నీకు రెస్టు."

"గట్లనకు. నేనే ఆయనను బండి మీద ఎక్కించుకొని తెచ్చిన. తొవ్వల ఆయనే వీపు మీద చెయ్యేసిండు. పోనియ్ హన్మంతు, పిల్లలు గలోనివి, సార్ ముంగట భయపడ్డవ్, నాకు సమజైంది అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"అవ్, భయపడ్డ అన్న."

"ఆయనకు గూడ అబద్ధమే."

"మరేం చెప్పాలె? పచ్చడి ముచ్చట చెప్పాల్నా?"

"రేపు పొద్దుగాల ఇద్దరం ఆఫీసరు కాడికి పోదాం. తప్పు చెప్పిన, బాపు తాగడు, మాకు రెస్టు లేదు అని చెప్పు. నౌకరి పోతే పోయింది. నేను చేస్తున్న గద."

"చెప్త. ఆయన రాకుంటే చెప్త."

"ఎవలు?"

"నీలం అంగి."

"ఇంకా గదేనా? ఒక ముసలాయన పని ఊడగొట్టి వచ్చినవ్, ఇంకా అంగినే పట్టుకొని కూసున్నవ్. జరుగు. ముందుగాల బాపుకు అన్నం పెట్టొస్త. పొద్దున్నుంచి కడుపుల ఏమన్న పడ్డదో లేదో... బాపు, లేస్తున్నవేంది? బస్సుకు టైం ఉన్నది గద. ఖాళీ కడుపుతోటి పోకు, రెండు ముద్దలు తిను."

"వద్దు బిడ్డ. తలుపు తీసే ఉన్నది. అన్ని ఇనవడ్డయ్."

"మల్లేశయ్యా, నేను..."

"భయపడ్డవనుకొని మాఫ్ చేసిన రా, హన్మంతు."