పాస్టరమ్మగారికి గొంతు బాగాలేదు

శనివారం సాయంత్రం, కుట్టుపని చేసే వదిన ఇంట్లో ముందు గది. ఎదురుగా స్టూలు మీద ఆమె ఆడపడుచు, పాస్టరుగారి భార్య. రేపటి బాప్తిస్మాలకు గౌన్లు తీసుకెళ్దామని వచ్చి, ఎంతకీ లేవడం లేదు.

"అంచుల్లో సీసం వేశావా వదినా?"

"వేశాను."

"నాలుగింటికీనా?"

"నాలుగింటికీ. పట్టి చూడు, చేతులు లాగుతాయి."

"పోయినసారి గుమస్తాగారి గౌనుకి మర్చిపోయావు."

"మర్చిపోలేదు. సీసం బిళ్ళలు అయిపోతే గుండీలు వేశాను. గుండీలు చాలవని నాకేం తెలుసు?"

"చాలకపోవడమా! తొట్టిలో దిగగానే గౌను గొడుగులా లేచింది. మా ఆయన ఒక చేత్తో మనిషిని ముంచుతూ, ఇంకో చేత్తో గొడుగు మూశాడు. సంఘమంతా కళ్ళు మూసుకుంది."

"ప్రార్థనలో కళ్ళు మూసుకోండని మీ ఆయన ఎంత మొత్తుకున్నా వినరు. నా పుణ్యమా అని ఒక్కసారైనా మూశారు."

"ఆ గొడవలో మోకాలు మునగలేదని గుమస్తాగారికి ఇప్పటికీ అనుమానం. మొన్న కూడా అడిగాడు, మోకాలు లెక్కలోకి వస్తుందా రాదా అని."

"నాతోనూ అన్నాడు. ఆ మోకాలే నొప్పి పెడుతోందట. సరే, మడతపెట్టేశాను. సంచీ తెచ్చుకున్నావా?"

"తెచ్చాను."

"మరి లే. నేను మిషను తొక్కుకోవాలి, ఇంకా జాకెట్లున్నాయి."

"లేస్తా. కాస్త టీ ఇస్తావా?"

"ఇప్పుడేగా తాగావు."

"అది వచ్చినందుకు."

"ఇది వెళ్ళనందుకా?"

"వదినా, రేపు పొద్దున్న నువ్వు ఇంట్లోనే ఉంటావుగా?"

"ఆదివారం నేనెక్కడికి పోతానే? మీరంతా చర్చికి వెళితే వీధి ప్రశాంతంగా ఉంటుంది. కాజాలు కుట్టుకుంటాను."

"నేనూ ఉంటాను."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ స్టూలు మీద."

"కాజాలు కుట్టడానికా?"

"నాకు గొంతు బాగాలేదు."

"వచ్చినప్పట్నుంచీ వాగుతూనే ఉన్నావు."

"రేపటికి బాగుండదు."

"ముందే తెలిసిపోయిందా? ప్రవచన వరం ఎప్పుడొచ్చింది తల్లీ నీకు?"

"వెక్కిరించకు. మా ఆయన వెతుక్కుంటూ వస్తే, ఇటు రాలేదని చెప్పు. అంతే."

"అబద్ధం చెప్పమంటావు. పాస్టరుగారితో. బాప్తిస్మాల రోజున."

"నువ్వు చెప్తే పరవాలేదు."

"నేనైతే ఎందుకు పరవాలేదు?"

"అంటే... నువ్వింకా..."

"నీళ్ళలో దిగలేదు కాబట్టి."

"నేనలా అన్లేదు."

"అనబోయి మింగావు. గొంతు బాగానే పనిచేస్తోంది."

"సంఘంలో ఎవరూ నన్ను వెతకని ఇల్లు ఇదొక్కటే వదినా. అందుకని."

"ఏం జరిగింది? మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారా?"

"లేదు."

"మీ అత్తగారు ఏమన్నా అందా?"

"ఆవిడ పోయి ఎన్నాళ్ళయింది!"

"పోయినా ఊరుకునే మనిషి కాదుగా."

"రేపు సాక్ష్యం నాది. మునిగే వాళ్ళ ముందు నిలబడి చెప్పాలి. ప్రభువు నాతో ఎలా మాట్లాడాడో, నన్నెలా మార్చాడో..."

"ఏటా చెప్తావుగా. మైకు పెడతారుగా, కిటికీలోంచి నాకంతా వినపడుతుంది. ఏడుస్తావు కూడా."

"ఏటా అదే చెప్తా. అదే చోట ఏడుస్తా."

"తెలుసు. నువ్వు ముక్కు చీదగానే నేను పొయ్యి మీద అన్నం పెడతాను. వరస తప్పదు."

"రేపు చెప్పలేను."

"ఎందుకని?"

"ఏమీ లేదు వదినా."

"ఏమీ లేకపోతే వెళ్ళి చెప్పు."

"అది కాదు. లోపల. లోపల ఏమీ లేదు. మోకరిస్తా, కళ్ళు మూస్తా, మాట్లాడతా. ఫోను చేసినట్టే. మోగుతూనే ఉంటుంది. అటు ఎవరూ ఎత్తరు."

"ఎప్పట్నుంచి?"

"అన్నయ్య పోయినప్పట్నుంచి. కాదు, అంతకు ముందునుంచే. అన్నయ్య పోయాక ఒప్పుకున్నాను."

"మీ ఆయనకి తెలుసా?"

"ఎలా చెప్పను? వంటవాడి పెళ్ళాం ఆకలి చచ్చిపోయిందని చెప్పినట్టు ఉంటుంది."

"మరి స్త్రీల కూడికలో అంతంతసేపు ప్రార్థన చేస్తావే!"

"చేస్తా."

"ఇంట్లో?"

"చేస్తా. పేరుపేరునా. గుమస్తాగారి మోకాలు, పంతులమ్మగారి అబ్బాయి ఉద్యోగం, నువ్వు."

"నేనా? నాకేం రోగం?"

"చెప్పను."

"రోజూనా?"

"రోజూ."

"అటు ఎవరూ ఎత్తకపోయినా?"

"ఎత్తకపోయినా."

"అయితే ఎందుకు చేస్తున్నావే?"

"ఏమో. ఆయన లేడని మాత్రం అనుకోలేను వదినా. ఎంత ప్రయత్నించినా అనుకోలేను. నేను ఆయన మనిషిని. అది మానేస్తే ఇంకెవరిగా ఉండాలో నాకు తెలీదు... మిషను ఆపావేం?"

"దారం తెగింది."

"తెగలేదు. కనపడుతూనే ఉంది."

"కనపడితే కనపడనీ. ఒకటి చెప్పు. మీ అందరికీ ఉండదా అది?"

"ఏది?"

"అదే. లోపల. వెచ్చగా. మీ అన్నయ్య అనేవాడు, తొందరేం లేదు, సమయం వచ్చినప్పుడు నీకే లోపల తెలుస్తుంది, అప్పుడే దిగు అని. పెళ్ళయిన దగ్గర్నుంచీ కనిపెట్టుకుని కూర్చున్నా. గౌన్లు కుట్టిన ప్రతిసారీ చూసుకునేదాన్ని, వచ్చిందా అని. ఒకసారి వచ్చిందనే అనుకున్నా."

"ఏమైంది?"

"జ్వరం."

"వదినా! అందుకా నువ్వు రానిది? నీకు నమ్మకం లేదని మేమందరం..."

"నమ్మకం లేదని ఎవరన్నారు? మిషను తొక్కుతూ రోజూ మాట్లాడతాను ఆయనతో. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదు. కానీ లోపల ఏమీ రానిదాన్ని, దొంగలా వెళ్ళి నీళ్ళలో దిగితే ఆయనకి తెలిసిపోదూ?"

"అన్నయ్య నీతో అలా అన్నాడా? లోపల తెలుస్తుందని?"

"మీ అన్నయ్యకి తెలిసేదిగా. పాడుతుంటే మొహం వెలిగిపోయేది కాదూ... ఏమిటే, అలా చూస్తున్నావేం?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ సంచీ అంచు ఎందుకు నలుపుతున్నావు? చెప్పు."

"చెప్పొద్దన్నాడు."

"పోయినవాడు వచ్చి కోప్పడడు. చెప్పు."

"ఆసుపత్రిలో. నువ్వు మందులకని కిందకి వెళ్ళావు. నా చెయ్యి పట్టుకున్నాడు. చెల్లీ, ప్రభువు గొంతు విని ఎన్నో ఏళ్ళయిందే అన్నాడు. ఇప్పుడు కూడా ఏమీ వినపడటం లేదు, అయినా నేను ఆయనవాణ్ణే, ఆయన దగ్గరికే వెళ్తున్నా అన్నాడు."

"మరి పాడేటప్పుడు?"

"పాడేటప్పుడు కూడా అంతేనట."

"నాకెందుకు చెప్పలేదు? పక్కనే పడుకునేవాడుగా!"

"మీ వదిన ఎదురుచూస్తోంది, ఈ మాట వింటే వెనక్కి తగ్గుతుంది, చెప్పకు అన్నాడు."

"వెనక్కి తగ్గడమా? ముందుకు ఒక్క అడుగు వేస్తేగా తగ్గడానికి! నాకు లేనిదేదో ఆయనకుందని కదా ఒడ్డునే నిలబడిపోయాను. ఈ మాట ఒక్కసారి నా చెవిన వేసుంటే చెయ్యి పట్టుకుని దిగేదాన్ని."

"నీ మంచికనే అనుకున్నాడు వదినా."

"నీకూ అదే జబ్బు. మొగుడి మంచికని నువ్వు చెప్పవు, నా మంచికని ఆయన చెప్పలేదు. ఇంటిల్లిపాదీ మంచివాళ్ళే."

"ఏడుస్తున్నావా?"

"ఏడుస్తున్నాను. కోపంతో. అంత మంచివాడు, ఇంత తెలివితక్కువవాడా అని."

"గౌనుతో తుడుచుకోకు, తడిసిపోతోంది."

"రేపు ఎలాగూ తడిసేదే."

"నేను వెళ్తా వదినా. మా ఆయన చూస్తుంటాడు. రేపు పొద్దున్నే వచ్చేస్తాను, తలుపు తీసి ఉంచు."

"రేపు నువ్విక్కడ ఉండటానికి వీల్లేదు."

"ఇప్పటిదాకా బాగానే ఉన్నావుగా! ఏం?"

"ఇంటికి తాళం వేసుంటుంది. నువ్వు వెళ్ళి మైకు ముందు నిలబడు. ఇందాక ఈ స్టూలు మీద ఏం చెప్పావో అదే చెప్పు. ఎవరూ ఎత్తకపోయినా రోజూ మాట్లాడుతున్నానని చెప్పు. ఏడవక్కర్లేదు."

"పిచ్చా వదినా నీకు? అది వింటే, మునగడానికి వచ్చినవాళ్ళు లేచి ఇళ్ళకి పోతారు!"

"ఒకరు పోరు."

"ఎవరు?"

"గౌన్ల గుడ్డ ఇంకా మిగిలే ఉంది. ఆ టేపు అందుకుని ఇలా వచ్చి నా భుజాలు కొలువు, నా అంతట నాకు కుదరదు."