ఇచ్చిన తేదీ తప్పని అండాలమ్మ గారు

1982వ సంవత్సరం జూలై పన్నెండవ తేదీ సోమవారం ఉదయం, వానకు తడిసిన గొడుగును వాకిట్లో ఆరబెట్టి, నియామక పత్రాన్ని కొంగు చాటున పొడిగా కాపాడుకుంటూ, శ్రీమతి అండాలమ్మ గారు మన ప్రభుత్వ దవాఖానలో అటెండరుగా బాధ్యతలు స్వీకరించారు. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ నడుమ ఆనాడు ఇన్ని ఇళ్లు లేవు, ఇన్ని కోచింగ్ సెంటర్లు లేవు, ఇంత జనమూ లేదు. నల్లగొండ జిల్లా చౌటుప్పల్ దగ్గరి పల్లె నుంచి, ఆర్టీసీ డ్రైవరైన భర్త రామస్వామి గారి వెంట నగరానికి వచ్చిన ఆ ఇరవై ఆరేళ్ల ఇల్లాలు అప్పట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవారు కారట. ఆ లోటును తరువాతి ముప్పై రెండేళ్లలో ఆమె సంపూర్ణంగా తీర్చుకున్నారని సహోద్యోగులందరమూ సాక్ష్యం చెప్పగలం.

మొదటి తొమ్మిదేళ్లూ గాయాలకు కట్లు కట్టే గదిలోనూ, పసిపిల్లలకు టీకాలు వేసే గదిలోనూ సేవలందించిన ఆమెను, 1991లో కొత్తగా ప్రారంభమైన దంత వైద్య విభాగానికి మార్చారు. విభాగం అన్న మాట వినడానికి ఘనంగానే ఉన్నా, అందులో ఉన్నది ఒక కుర్చీ, ఒక బీరువా, సోమ బుధ శుక్రవారాలు మాత్రమే వచ్చే ఒక డాక్టరు. మిగిలిన మూడు రోజులూ ఆ డాక్టరు వేరొక చోట పనిచేయవలసి ఉండేది. మూసారాంబాగ్ మొదలుకొని తుర్కయంజాల్ దాకా, ప్రైవేటు దంతవైద్యుని గడప తొక్కే స్తోమత లేనివారు ఆ ఒక్క కుర్చీ మీదనే ఆశ పెట్టుకుని వచ్చేవారు. రోజుకు పన్నెండు మందిని మించి చూడడం సాధ్యమయ్యేది కాదు. ఆ పన్నెండు టోకెన్ల కోసం అరవై మంది, దవడకు తువ్వాలు చుట్టుకుని, గోడ వెంట వరుసగా కూర్చునేవారు. "కాలు ఇరిగితె ఊరంత ఉరికొస్తది. పన్ను నొస్తె ఇంట్లోళ్లు గూడ లవంగం పెట్టుకొమ్మని పండుకుంటరు" అని అండాలమ్మ గారు తరచుగా అనేవారు. విని నవ్వేవాళ్లం గాని, ఆమె నవ్వేవారు కారు.

1994లో జరిగిన ఒక సంఘటన ఆమె ఉద్యోగ జీవితాన్నే మలుపు తిప్పింది. తుర్కయంజాల్ నుంచి మొదటి బస్సుకు వచ్చే పెంటమ్మ అనే వృద్ధురాలు నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ టోకెను దొరకక వెనుదిరిగారు. ఐదవసారి ఆమె వరుసలో నిలబడలేదు. నేరుగా కౌంటరు దగ్గరకు వచ్చి, కొంగు ముడి విప్పి, ఊడిపోయిన తన పన్నును బల్ల మీద పెట్టారు.

"బిడ్డా, నీ టోకెను కంటె ముందు నా పన్నే ఒచ్చింది. ఇగ నీ టోకెను నువ్వే ఉంచుకో."

ఆ మాట కోపంగా కూడా అనలేదు. మామూలుగా చెప్పి, బస్సుకు టైమవుతుందని వెళ్లిపోయారు. ఆనాడు మధ్యాహ్నం అండాలమ్మ గారు అన్నం డబ్బా మూత తీయలేదు.

మరుసటి వారమే తేదీ చీటీ పుట్టింది. మందుల విభాగం నుంచి ఖాళీ అట్టపెట్టెలు అడిగి తీసుకుని, అరచేతి వెడల్పున కత్తిరించి, ఒక్కొక్క దాని మీద పేరు, ఊరు, రావలసిన తేదీ రాసి, కింద తన దస్కతు చేసి ఇచ్చేవారు. ఇక చీకటితో లేచి వచ్చి పడిగాపులు కాయవలసిన పని లేదు. చీటీలో రాసిన రోజున రావచ్చు, చూపించుకోవచ్చు, వెళ్లవచ్చు. నిరీక్షణ తగ్గలేదన్నది నిజమే, ఒక్కోసారి నాలుగు నెలల తరువాతి తేదీ పడేది. అయినా ఆ రోజు వస్తుందన్న ధైర్యం మనిషికి దక్కింది. "తేదీ ఇచ్చినమంటె మాట ఇచ్చినట్టే" అన్నది ఆమె సిద్ధాంతం. ఒకసారి డాక్టరు గారు జ్వరమని సెలవు పెడితే, మిరియాల కషాయం కాచుకుని వారి ఇంటికే వెళ్లి, "మీరు పండుకుంటె ఎట్ల సారూ, పన్నెండు మందికి తేదీలిచ్చిన" అని నిలబెట్టి తాగించి వెంటబెట్టుకు వచ్చిన ఘనత ఆమెది. ఆ డాక్టరు గారు ఆ తరువాత జ్వరం వచ్చినా పైకి చెప్పేవారు కారని వినికిడి.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం పంతుళ్లు మొదలు గని కార్మికుల దాకా పనులు ఆపి రోడ్డెక్కిన రోజులవి. ఉద్యమంలో అండాలమ్మ గారు ముందు వరుస మనిషి. ఎల్‌బీ నగర్ కూడలి పక్కన వేసిన శిబిరంలో, సమ్మె ముగిసేదాకా ఆఫీసులో అడుగు పెట్టబోనని అందరి ముందూ చేయెత్తి ప్రమాణం చేశారు. అప్పటికి మన దంతవైద్యురాలైన డాక్టర్ సంతోషి గారు కూడా నల్లగొండ బిడ్డే కనుక, ఆమె పక్కనే చాప మీద కూర్చున్నారు. అత్యవసర వైద్యానికి సమ్మె నుంచి మినహాయింపు ఉన్నది గాని, పంటి నొప్పి ఎవరి లెక్కలోనూ అత్యవసరం కాదు. మొదటి మూడు దంత వైద్య దినాలలో ముప్పై ఆరు మంది చీటీలు పట్టుకుని వచ్చారు. మూసిన గదిని చూసి, తిరుగు దారిలో శిబిరంలో కూర్చున్న ఆమెను చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. నాలుగు తిట్టిపోయినా ఇంత బాధ ఉండేది కాదని ఆమె తరువాత చెప్పుకున్నారు.

ఇక్కడ మందుల విభాగంలో పనిచేసే భానుమూర్తి ప్రసక్తి తేక తప్పదు. అండాలమ్మ గారి పదవీ విరమణ సంచికకు ఈ వ్యాసం రాసే బాధ్యతను సహోద్యోగులు అతనికే అప్పగించారు కనుక, అతని పేరు చివర 'గారు' లేకపోవడాన్ని పాఠకులు మన్నించాలి. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన భానుమూర్తి సమ్మెలో చేరలేదు. రోజూ వచ్చి, తన గది తెరిచి, ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. అతని అక్కయ్య అమ్మాజీ గారు కొత్తపేటలో ఒక విద్యార్థుల హాస్టలులో వంట చేస్తారు. పుచ్చిన దవడ పన్ను బాధిస్తుంటే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి, వారు చెప్పిన ఖర్చు విని, తెరిచిన నోరు మూసుకుని వచ్చేశారు. నాలుగున్నర నెలల కిందట అండాలమ్మ గారి చేత తేదీ చీటీ రాయించుకున్నారు. ఆ తేదీ సెప్టెంబరు 21, బుధవారం. ఈలోగా బుగ్గ బన్నులా వాచింది, పది రోజులుగా గంజి తప్ప మరొకటి గొంతు దిగలేదు. ఆ రోజు దాటిపోతే మళ్లీ ఎప్పటికో చెప్పగలవారు లేరు.

పందొమ్మిదవ తేదీ సాయంత్రం భానుమూర్తి శిబిరానికి ఎదురుగా రోడ్డుకు అవతల చాలాసేపు పచార్లు చేశాడు. ఆంధ్రావాడు ఆ గుంపులోకి వెళితే ఎవరేమంటారోనన్న బెరుకు. చివరికి అండాలమ్మ గారే కేక వేశారు.

"ఏంది సారూ, గంట సంది అటు ఇటు తిరుగుతున్నరు? రాండ్రి, కూసోండ్రి. ఈడ మిమ్మల్నెవ్వరు కొరకరు."

"అక్కయ్య తేదీ ఎల్లుండండీ," అన్నాడు భానుమూర్తి, కూర్చోకుండానే. "మీ సమ్మెకి అడ్డం రావాలని కాదండీ. ఆవిడ బుగ్గ చూస్తుంటే భయమేస్తోంది."

"ఎరుకనే సారూ. ఎల్లుండి పన్నెండు మంది. అందరి పేర్లు నోటికున్నయి." ఆమె గొంతు తగ్గించారు. "ఆఫీసుల అడుగు పెట్టనని అందరి ముంగట మాటిచ్చిన. గీళ్లకేమో తేదీ ఇచ్చిన. రెండు మాటల్ల ఏ మాట తప్పాలె, మీరే చెప్పుండ్రి."

ఆ రోజులలో నిరసన అంటే ఎవరి పని వారు రోడ్డు మీద చేసి చూపడం. పంతుళ్లు రోడ్డు మీదనే పాఠాలు చెప్పారు, శిబిరాల ముందు వంటా వార్పూ జరిగింది. ఆ సాయంత్రం కూడా క్షౌరశాల నడిపే జంగయ్య గారు తన షాపులోని కుర్చీని రోడ్డు మీద వేసి, ఒకాయనను వెనక్కి వాల్చి, గడ్డం గీస్తున్నారు. తలకు ఆనిక ఉన్న కుర్చీ. అండాలమ్మ గారు ఆ వాల్చిన తలను, తెరుచుకున్న నోటిని కాసేపు కన్నార్పకుండా చూశారు.

"జంగన్నా, నీ కుర్చీ ఎల్లుండి జర ఇస్తవా?"

సంగతి తెలియగానే శిబిరంలో ఒకాయన లేచారు. "సమ్మె అంటె బందు గదక్కా. పని చేస్తె సమ్మె ఎట్లయితది? అండ్ల ఆంధ్రోళ్లకు చేసుడేంది?"

"పంతులు రోడ్డు మీద పాఠం చెప్తె నిరసన, జంగన్న గడ్డం గీస్తె నిరసన, మేం పన్ను పీకితె కాదా?" అన్నారు అండాలమ్మ గారు. "నా కొట్లాట కుర్సీలల్ల కూసున్న పెద్దోళ్లతోని. గా తల్లి పన్నుతోని కాదు. చీటీ మీద నా దస్కతున్నది."

లేచిన ఆయన మళ్లీ చాప మీద కూర్చున్నారు. అయితే డాక్టర్ సంతోషి గారు ఒక నియమం పెట్టారు: పరికరాలను కుక్కరులో పూర్తి ఆవిరికి ఉడికించనిదే తాను ముట్టనన్నారు. పరికరాలూ, మత్తుమందూ లోపల బీరువాలో ఉన్నాయి, లోపలికి వెళ్లబోమని వీరందరూ ప్రమాణం చేసి ఉన్నారు. అప్పుడు అండాలమ్మ గారు భానుమూర్తి వైపు తిరిగారు.

"మీరు సమ్మెల లేరు గద సారూ."

వారం రోజులుగా ఏ విషయానికి అతడు తలవంచుకుని తిరుగుతున్నాడో, ఆ విషయమే అంత మంది ముందు పనికొచ్చింది. ఆమె కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి అతని చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్లలో ఆ తాళంచెవి ఆమె కొంగు దాటడం అదే మొదలు. పర్యవేక్షణాధికారి గారు ఆ సాయంత్రం విషయం విని, విననట్టే ఊరుకున్నారు.

బుధవారం పొద్దున్న కూడలి పక్కన రెండు పొయ్యిలు వెలిగాయి. ఒక కుక్కరులో శిబిరానికి పప్పు, మరొక దానిలో పన్ను పీకే పటకార్లు. ఆ రెండవ కుక్కరు హాస్టలు నుంచి మోసుకొచ్చింది అమ్మాజీ గారే. విజిళ్లన్నీ పూర్తయ్యాక, తెల్లటి గుడ్డ పరిచిన జంగయ్య గారి కుర్చీలో మొట్టమొదట కూర్చున్నదీ ఆవిడే. అండాలమ్మ గారు ఆవిడ తలను రెండు చేతులా పట్టుకున్నారు. మత్తు సూది పడింది. కొద్దిసేపు ఆగి, డాక్టరు గారు పట్టు బిగించి ఒక్కసారి మెలిపెట్టారు, నాలుగున్నర నెలల బాధ పళ్లెంలో టక్కున పడింది. అమ్మాజీ గారు లేచి ఏదో చెప్పబోయారు.

"మాట్లాడకు తల్లీ. దూది కొరికి పట్టు" అన్నారు అండాలమ్మ గారు. అంటూనే కళ్లు తుడుచుకున్నారు. రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చిన కానిస్టేబులు కూడా కాసేపు నిలబడి చూసి, వెళ్లేముందు తన దవడ తడుముకుంటూ, "అమ్మా, కొత్త తేదీలు ఎన్నడిస్తరు?" అని అడిగిపోయాడు. ఆనాడు పన్నెండు మందినీ చూశారు. నింపవలసిన పళ్లకు అప్పటికి మందు పెట్టి కొత్త తేదీ ఇచ్చారు. సమ్మె ముగిసేవరకు వారానికి మూడు రోజులూ ఆ కుర్చీ రోడ్డు మీద నిలిచింది. వెనుదిరిగిన ముప్పై ఆరు మందికీ కబురు పంపి పిలిపించారు. ఇచ్చిన రెండు మాటలలో ఒక్కటీ తప్పలేదు. వారం తరువాత అమ్మాజీ గారు చాలాకాలానికి తన వంట తాను తృప్తిగా తిని, "అయ్యో తమ్ముడూ, ఇన్నాళ్లూ ఆ పిల్లలు ఇంత ఉప్పు తిన్నారా!" అని నెత్తి కొట్టుకున్నారు.

ఆ రోడ్డు వైద్యం ఫోటో ఒక దినపత్రికలో పడింది. సమ్మె ముగిశాక చూడవచ్చిన అధికారుల ముందు అండాలమ్మ గారు వినతిపత్రం పెట్టలేదు. తేదీ కోసం వేచి ఉన్నవారి పేర్లున్న అట్టముక్కలన్నీ బల్ల మీద పరిచారు. బల్ల చాలలేదు, కింద కూడా పరిచారు. ఏడాది దాటాక గాని కదలిక రాలేదు. చివరికి 2013లో రెండవ కుర్చీ వచ్చింది, డాక్టరు గారు వారమంతా మనకే దక్కారు. నాలుగు నెలల ఎదురుచూపు నేడు పది రోజులకు దిగింది. ఈ మాట రాస్తుంటే గుండె మీది బరువు దిగినట్టున్నది.

పోయిన వారం అమ్మాజీ గారు వీడ్కోలు కానుకగా గట్టి చేగోడీలు వండి తెచ్చారు. అండాలమ్మ గారు తింటుంటే పరీక్షగా చూసి, "ఏంటండీ, అంతా ఎడం పక్కనే నములుతున్నారు?" అని అడిగారు. ఆరా తీయగా, కుడివైపు దవడ పన్ను ఆరేళ్లుగా బాధిస్తున్నదని బయటపడింది. ఎందుకు చూపించుకోలేదని అందరమూ నిలదీస్తే, ఆమె తప్పు చేసిన మనిషిలా తలవంచుకున్నారు. "నాకొక తేదీ రాసుకుంటె, లైన్ల ఒకరి తేదీ ఎనకకు పోతది గద" అన్నారు.

కనుక, అమ్మా, ఈ సంచికతో పాటు మీ చేతికి ఒక అట్టముక్క అందుతుంది. మీరు కలలుగన్న రాష్ట్రం జూన్ రెండవ తేదీన అవతరిస్తున్నది. ఆ రాష్ట్రంలో మన దవాఖాన ఇచ్చే మొట్టమొదటి తేదీ చీటీ అది. పేరు: అండాలమ్మ. ఊరు: దిల్‌సుఖ్‌నగర్, తెలంగాణ. రావలసిన తేదీ: 2014 జూన్ 4, బుధవారం. దస్కతు ఈసారి భానుమూర్తిది. ఎవరి తేదీనీ వెనక్కి జరపలేదు, డాక్టర్ సంతోషి గారు పదమూడవ మనిషిగా మిమ్మల్ని చూస్తామని మాటిచ్చారు. రామస్వామి గారితో, పిల్లాపాపలతో, ఆయురారోగ్యాలతో, చేగోడీలైనా సకినాలైనా రెండు వైపులా కరకర నములుతూ మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. తేదీ తప్పకుండా రండి.